బాపమ్మ కూర్చున్న బడి వరండా

మా ఊళ్ళో ఆడపిల్లలు హైస్కూలుకు పోవడం మా ఇద్దరితోనే మొదలైంది. ఒకదాన్ని నేను, ఇంకొకతె మా పక్కింటి పిల్ల. కరీంనగర్ జిల్లాలో మాదొక నేతగాళ్ళ ఊరు. ఏ వాడకు పోయినా మగ్గాల చప్పుడే. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్ళే అయింది. చిన్న తరగతులు ఊళ్ళోనే, సిస్టర్లు నడిపే బడిలో చదివాం. ఆ పైన చదవాలంటే ఊరు దాటి, జొన్న చేల మధ్య నుంచి నడిచి, ఫాదర్ల హైస్కూలుకు పోవాలి. అక్కడ అందరూ మగపిల్లలే.

సిస్టరమ్మ ఒకామె మా ఇంటికి వచ్చి, మగ్గం గుంటలో కూర్చున్న మా బాపును, అంటే మా నాన్నను, ఒప్పించడానికి చాలాసేపు నిలబడింది. బాపు ఆమెను కూర్చోమనలేదని కాదు, కూర్చోబెట్టడానికి మా ఇంట్లో నూలు పరచని జాగా లేదు. ఆఖరికి బాపు అన్నాడు.

"పంపుత గని సిస్టరమ్మా, ఒక్కదాన్ని పంప. పక్కింటి పిల్ల పోతె మాదీ పోతది. అది ఆగిన్నాడు ఇది గూడ ఆగుతది."

పక్కింట్లోనూ అదే మాట చెప్పారట. ఒకే కాడికి కట్టిన ఎడ్లలాగా అయింది మా చదువు. ఒకతెకు జ్వరం వస్తే ఇద్దరికీ బడి లేదు. ఒకతె ఇంట్లో పెండ్లి ఉంటే ఇద్దరం పెండ్లిలో ఉండాల్సిందే. మాకు అప్పుడది వింతగా అనిపించలేదు. నా దోస్తు లేకుండా నేను ఆ తొవ్వలో నడుస్తానని నేను కూడా ఎన్నడూ అనుకోలేదు.

హైస్కూలు రోజులంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అలసట. తెల్లవారకముందే లేచి రాట్నం ముందు కూర్చోవాలి. నేను నూలును కండెలుగా చుట్టి పెడితేనే బాపు మగ్గం నడుస్తుంది. ఆ పని అయ్యాక ఇంత జొన్న గట్క తాగి బయలుదేరేవాళ్ళం. బడికి చేరేసరికే భుజాలు గుంజేవి. అప్పుడు ప్రార్థన. ఇటలీ నుంచి వచ్చిన ఫాదరు మా హెడ్మాస్టరు. తెల్లటి నిలువుటంగీ వేసుకుని మెట్ల మీద నిలబడి "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెడితే అందరం అందుకునేవాళ్ళం. కిరస్తానీ పిల్లలు కొందరే ఉండేవాళ్ళు, బోర్డింగులో ఉండి చదివేవాళ్ళు. కానీ ఆ ప్రార్థన మా అందరికీ కంఠతా వచ్చు. నేను సగం నిద్రలో కూడా తప్పు లేకుండా చెప్పేదాన్ని.

క్లాసులో తలుపు పక్కన ఒక బెంచీ మాకిద్దరికే. మగపిల్లలు మాతో మాట్లాడరు, మేమూ మాట్లాడం. ఇంగ్లీషు సారు కేరళ నుంచి వచ్చాడు. ఆయన వేగంగా చెబుతూ పోయేవాడు. మేము అర్థమైనా కాకపోయినా రాసుకునేవాళ్ళం. లెక్కల సారు బోర్డు నిండా రాసి, మేము ఎక్కించుకునేలోపే తుడిచేసేవాడు. ఆడపిల్లలకు దొడ్డికి పోయే చోటు బడిలో లేదు. అందుకని సాయంత్రం ఇంటికి చేరేదాకా నీళ్ళు తాగేవాళ్ళం కాదు. ఎండాకాలం పెదవులు పగిలి, తలనొప్పితో కళ్ళు మూసుకుపోతుంటే, రేఖాగణితం బొమ్మలన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయినట్టు కనిపించేవి. ఇంటికి రాగానే కడవలో చెంబు ముంచి ఇద్దరం పోటీ పడి తాగేవాళ్ళం. అవి మా వాడ చివర దిగుడుబావి నీళ్ళు. మెట్లు దిగి, కాళ్ళు నీళ్ళలో పెట్టి ముంచుకొచ్చేవాళ్ళం.

పదో తరగతిలో, చలికాలం సగం గడిచాక, నా దోస్తు కాలికి నారికురుపు లేచింది. ఇప్పటి పిల్లలకు అదేమిటో తెలియదు. బావి నీళ్ళలోంచి ఒంట్లోకి పోయిన పురుగు, ఏడాది తిరిగేసరికి దారం లాగా కాళ్ళలోంచి బయటికి వచ్చేది. ముందు బొబ్బ లేస్తుంది. మంట పుడుతుంది. బొబ్బ పగిలి తెల్లటి దారం కొస కనబడుతుంది. దాన్ని ఒక చిన్న పుల్లకు చుట్టి, రోజుకింత, రోజుకింత లాగాలి. తొందరపడి తెంపితే కాలంతా చీము పడుతుంది. మా వాడలో ఏటా ఎవరో ఒకరు దానితో మంచం పట్టేవాళ్ళు.

నా దోస్తుకు ఒకటి చీలమండ దగ్గర, ఇంకొకటి మోకాలి కింద లేచాయి. నడవడం మాట అటుంచి కాలు కింద పెడితే అరిచేది.

ఆ వారం నేను ఇంట్లోనే ఉన్నాను. పెద్ద పరీక్ష ఇంక దగ్గరపడుతోంది. కండెలు చుడుతూ కూర్చుంటే, అవతల బడిలో లెక్కల సారు బోర్డు తుడిచేస్తున్నట్టు అనిపించేది. నేను బాపును ఏమీ అడగలేదు. అడిగినా ఏం చెబుతాడో తెలుసు. ఒకరోజు అన్నం తింటుంటే మా బాపమ్మ, అంటే బాపు తల్లి, ఉన్నట్టుండి అంది.

"పిల్ల గట్ల మొకం ఏలాడేసుకుని తిరుగుతుంటె నేను సూడలేను. నేను పోత దాని ఎంట."

"నువ్వు పోయి ఏం జేస్తవే?" అన్నాడు బాపు.

"ఏం జేస్త? కూసుంట. ఇంట్ల కూసుంటలేనా? గాడ కూసుంట."

"నువ్వు కూసుంటె నూలెవరు సుడుతరు?"

"రాట్నం తీస్కపోత."

బాపు నవ్వాడు. బాపమ్మ నవ్వలేదు. మర్నాడు పొద్దున ఆమె చిన్న రాట్నం నెత్తిన పెట్టుకుని, నూలు మూట చంకన పెట్టుకుని, నాకంటే ముందే గుమ్మంలో నిలబడింది.

ఆ మొదటి రోజు నేను తల ఎత్తలేదు. బాపమ్మ మా క్లాసు ముందున్న వరండాలో, స్తంభానికి ఆనుకుని కూర్చుని, కాళ్ళు చాపుకుని రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. అది పాత రాట్నం. తిప్పినప్పుడల్లా కిర్రుకిర్రుమనేది. ఇంగ్లీషు సారు పాఠం ఆపి బయటికి చూశాడు. మగపిల్లలు ముందు నవ్వు ఆపుకున్నారు, తర్వాత ఆపుకోలేదు.  నా పక్కన బెంచీ ఖాళీగా ఉంది. ఆ నవ్వుబాటును పంచుకోవడానికి కూడా పక్కన మనిషి లేదు.

మధ్యాహ్నం లోపే సంగతి ఫాదరుకు చేరింది. ఆయన వచ్చి బాపమ్మ ముందు నిలబడ్డాడు. ఆయన తెలుగు కృష్ణా తీరంలో ఎవరో పంతులు దగ్గర పుస్తకాలు చూసి నేర్చుకున్నది. అచ్చం పుస్తకం చదివినట్టే మాట్లాడేవాడు.

"అమ్మా, మీరు ఇచ్చట ఎందుకు కూర్చుంటిరి?"

బాపమ్మ లేవలేదు. రాట్నం మాత్రం ఆపింది.

"మా పిల్లను ఒంటిగ పంపుతలేరు సామీ. దాని జోడుపిల్లకు నారు లేచింది. నేను రాకుంటె గిదీ ఇంట్ల కూసుంటది."

"అది నాకు బోధపడినది. కానీ ఈ యంత్రము చప్పుడు చేయుచున్నది. పిల్లలు చదువలేరు."

"నా పని ఆగితె మా కొడుకు మగ్గం ఆగుతది సామీ. మగ్గం ఆగితె బువ్వ ఆగుతది. మరెట్ల?"

ఫాదరు ఆమెను వెనక బోర్డింగు వసారాలో కూర్చోమన్నాడు. అక్కడ చల్లగా ఉంటుందని కూడా చెప్పాడు. బాపమ్మ తల అడ్డంగా ఊపింది.

"గంత దూరం కూసుంటె పిల్ల నా కండ్ల ముందట ఉండది. గట్లయితె నేనొచ్చుడెందుకు?"

ఫాదరు తిరిగి వెళ్ళిపోయాడు. ఇంక నన్ను కూడా ఇంటికి పొమ్మంటారని నేను పుస్తకాలు సర్దుకున్నాను. కానీ కాసేపటికి ఆయనే మళ్ళీ వచ్చాడు. చేతిలో చిన్న గిన్నెలో ఆముదం ఉంది. నిలువుటంగీ మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, బాపమ్మ పక్కన గొంతు కూర్చుని, రాట్నం ఇరుసు ఎక్కడుందో ఆమెనే అడిగి, అక్కడ నూనె పోశాడు. బాపమ్మ తిప్పి చూసింది. చప్పుడు పూర్తిగా పోలేదు, కానీ చాలా తగ్గింది.

"ఇట్లు చాలునా?" అని ఆయన ఇంగ్లీషు సారును అడిగాడు. సారు చాలునన్నాడు. చాలదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

అట్లా పెద్ద పరీక్ష దాకా బాపమ్మ మా వరండాలో కూర్చుంది. మొదట నవ్విన పిల్లలే తర్వాత ఆమె కాళ్ళు తొక్కకుండా తప్పుకుని పోయేవాళ్ళు. ఎండ వరండాలోకి ఎక్కేకొద్దీ ఆమె స్తంభం నీడ వెంట జరుగుతూ ఉండేది. మధ్యాహ్నం పూట రాట్నం మీద చెయ్యి పెట్టే నిద్రపోయేది. తల ముందుకు వాలి, ఉలిక్కిపడి లేచి, ముందు నా బెంచీ వైపు చూసి, మళ్ళీ తిప్పేది. సాయంత్రం తిరుగు నడకలో ఆమెకు మోకాళ్ళు పట్టేసేవి. మధ్యలో రెండు మూడు చోట్ల కూర్చునేది.

"ఏం జెప్పిండ్రే ఇయ్యాల?" అని అడిగేది.

నేను చెప్పబోతే "వద్దు తియ్యి, నాకు నిద్రొస్తది" అనేది.

ఇల్లు చేరాక నేను నా దోస్తు దగ్గరికి పోయేదాన్ని. ఆరోజు పాఠాలు చెప్పేదాన్ని. ఆమె మంచంలో కాలు చాపుకుని గోడకు ఆనుకుని వినేది. కాలికి కట్టిన పుల్లను దుప్పటి తగలకుండా చేత్తో పట్టుకుని ఉండేది. ఒకరోజు ఆ పుల్ల దుప్పటిలో చిక్కుకుంది. నిద్రలో కాలు గుంజుకుందట. చీలమండ దగ్గర ఉన్న నారు తెగిపోయింది. తర్వాత జ్వరం, వాపు. ఆస్పత్రి పని తెలిసిన సిస్టరమ్మ రోజూ వచ్చి కట్టు కట్టేది. ఫాదరు కూడా సైకిలు మీద ఒకసారి వచ్చి, మంచినీళ్ళు గుడ్డతో వడకట్టి తాగాలని వాడంతా తిరిగి చెప్పిపోయాడు. బట్టలు నేసే వాడలో గుడ్డకు కరువా? ఆరోజు నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, కడవ మూతికి గుడ్డ కట్టింది.

నేను చెప్పే త్రికోణాలూ సమీకరణాలూ జ్వరంలో ఉన్న మనిషికి ఎంత ఎక్కుతాయి? నేను చెప్పేదాన్ని, ఆమె తల ఊపేది. ఇద్దరికీ నిద్ర వచ్చేది.

పరీక్ష కరీంనగర్‌లో. ఫాదర్ల జీపులో నా దోస్తును ఎత్తి కూర్చోబెట్టారు. బాపమ్మ కూడా వచ్చింది, రాట్నం లేకుండా. సిస్టర్ల కాన్వెంటులో మాకు బస. హాల్లో నా దోస్తు ఇంకో కుర్చీ మీద కాలు పెట్టుకుని రాసింది. లెక్కల పరీక్ష నాడు గంట కొట్టకముందే ఆమె కాగితాలు ఇచ్చేసి గోడ వైపు తిరిగి కూర్చోవడం నేను చూశాను.

ఫలితాలు పేపర్లో పడ్డాయి. నా నంబరు ఉంది. ఆమెది లేదు. లెక్కల్లో పోయింది.

సిస్టరమ్మ మళ్ళీ మా ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో టీచర్ ట్రైనింగు ఉందనీ, నాకు సీటు వస్తుందనీ చెప్పింది. బాపు మగ్గం ఆపి విన్నాడు. విని, నేను అనుకున్న మాటే అన్నాడు.

"జోడుపిల్ల పాస్ అయితె ఇద్దరిని పంపుతం. ఒక్కదాన్ని పంప."

నేను బాపమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. చేతుల్లోని నూలు చిక్కు తీస్తూ అంది.

"నన్ను సూడకు బిడ్డా. నాతోని కాదిగ. గా పట్నంల నేనేడ కూసోవాలె?"

ఆ ఏడాది నేను ఇంట్లో ఉన్నాను. మా ఊళ్ళోకి అప్పుడప్పుడే కరెంటు మగ్గాలు వస్తున్నాయి, మేము వాటిని సాంచెలనేవాళ్ళం. వాటి చప్పుడు కొత్తగా ఉండేది, ఇల్లు ఊగినట్టుండేది. నా పని మాత్రం కొత్తది కాదు. పొద్దున కండెలు, మధ్యాహ్నం కండెలు. సాయంత్రం నా దోస్తుకు లెక్కలు చెప్పడం. ఆమె కాలు కుదురుకుంది కానీ చీలమండ బిగుసుకుపోయింది, కుంటుతూ నడిచేది. వానాకాలం చివర మళ్ళీ పరీక్ష రాసింది. మళ్ళీ పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఆమె ఇంటికి పోలేదు. కోపమని కాదు. పోయి ఏం మాట్లాడాలో తెలియలేదు. ఒకరోజు ఆమే లెక్కల పుస్తకం పట్టుకుని, కుంటుకుంటూ మా ఇంటికి వచ్చింది. నా రాట్నం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. నేను కండె చుడుతూనే ఉన్నాను.

"నాకు సదువు మీద పానం లేదే," అంది. "ఎన్నడో పోయింది. ఇంట్ల గూడ ఇగ సాలు అంటుండ్రు."

"మరి పుస్తకమెందుకు తెచ్చినవ్?"

"నేను మానితె నిన్ను గూడ మాన్పిస్తరు గద. గందుకు. ఇంకొక్క సారి రాస్త. గీసారి గూడ పోతె నన్నేమనకు."

"నేనేమంట?"

"ఏమనవు. గదే నాకు బరువైతున్నది. జర తిట్టరాదు?"

నాకు తిట్టడం రాలేదు. ఏడుపూ రాలేదు. రాట్నం ఆపి పుస్తకం తీసుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మొదటి నుంచి ఎందుకని ఆమె అడిగింది. ఎక్కడ ఆగిందో నాకూ గుర్తు లేదని చెప్పాను. అప్పుడు ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

ఆ చలికాలమంతా చదివాం. నేర్చుకోవాలని ఆశ ఉన్నవాళ్ళలాగా కాదు, కోతకు వంగిన కూలీలలాగా. ఆమెకు అర్థం కాని లెక్కను కంఠతా పట్టించేదాన్ని. ఎండాకాలం మొదట్లో ఆమె మూడోసారి కరీంనగర్ పోయి రాసి వచ్చింది. పేపరు వచ్చిన రోజు బడి దగ్గర ఫాదరే నంబరు వెతికి చదివాడు. "ఉత్తీర్ణురాలు అయినది" అన్నాడు. ఆమెకు ఆ మాట అర్థం కాక నా మొహం చూసింది. "పాస్ అయినవే" అన్నాను. ఆమె అక్కడే వరండాలో కూలబడి, కాలు ఒత్తుకుంటూ "ఇగ లెక్కలు లేవు గద?" అని అడిగింది.

ట్రైనింగుకు ఇద్దరం కలిసే పోయాం. ఒకే గది, ఒకే కిరసనాయిలు దీపం. అక్కడ లెక్కలు ఉన్నాయి, పిల్లలకు ఎట్లా చెప్పాలో నేర్పే లెక్కలు. వాటిలో ఆమెకే మంచి మార్కులు వచ్చాయి. అర్థం కానివాళ్ళకు ఎక్కడ అర్థం కాదో ఆమెకు తెలుసు. తర్వాత చాలా ఏళ్ళు ఆమె పంతులమ్మగా పనిచేసింది, నాకంటే మంచి పేరు తెచ్చుకుంది. మా ట్రైనింగు నడుస్తుండగానే మా బాపమ్మకు కళ్ళు కనిపించకుండా పోయాయి. మేము సెలవులకు వచ్చినప్పుడు చేత్తో మా మొహాలు తడిమి, ఎవరు ఎవరో చెప్పేది. ఒక చలికాలం నిద్రలోనే పోయింది.

ఉద్యోగం ఆర్డర్లు వచ్చినప్పుడు, మా జిల్లాలో ఖాళీలు లేక ఇద్దరినీ ఆదిలాబాదు జిల్లాకు వేశారు. నా దోస్తుకు లక్సెట్టిపేట దగ్గర ఊరు పడింది, నాకు భైంసా దగ్గర. ఒకటి ఆ జిల్లాకు ఒక కొస, ఇంకొకటి ఇంకో కొస. ఇద్దరినీ ఒకచోట వేయమని అడగడానికి బాపు తెల్లబట్టలు కట్టుకుని ఆదిలాబాదు ఆఫీసుకు పోయి వచ్చాడు. కుదరదన్నారట. ఇంటికి వచ్చి, కండువా తీసి, చాలాసేపు మగ్గం గుంటలో పని చేయకుండా కూర్చున్నాడు.

"పోతవా?" అని అడిగాడు.

"పోత బాపు."

"సరే" అన్నాడు. అంతే. 

నన్ను బస్సెక్కించడానికి బాపు వచ్చాడు. నా దోస్తు బస్సు ముందురోజే వెళ్ళిపోయింది. నిర్మల్ దాకా కిటికీలోంచి చూడాలనుకున్నాను, గుట్టల మధ్య దారి బాగుంటుందని విన్నాను. కానీ బస్సు కదిలిన కాసేపటికే నిద్ర ముంచుకొచ్చింది. అన్నేళ్ళలో అంత పొద్దున పని లేకుండా కూర్చోవడం అదే మొదలు. మధ్యలో బస్సు మారింది కూడా నిద్రమత్తులోనే. నిర్మలేదో, గుట్టలేవో నేను చూడలేదు. కండక్టరు పెట్టె మీద చేత్తో కొట్టి లేపాడు.

"ఓ చెల్లె, భైంసా వచ్చింది, దిగు. నీ కోసం ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవ్వరు రాలే," అని పెట్టె తీసుకుని దిగాను. బయట పత్తి బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. బండివాళ్ళు మరాఠీలో ఏదో మాట్లాడుకుంటున్నారు. బడి ఎటు అని వాళ్ళను అడిగాను.